వీలునామా చుట్టూ పాతకాలపు ప్రేమహాస్య చిత్రం: స్క్రిప్టు అల్లే పద్ధతి

తాతగారు పోతారు. పెట్టెలోంచి వీలునామా బయటపడుతుంది. మనవడికి ఆస్తి రావాలంటే ఒక షరతు ఉంటుంది, మనవడి మనసు మాత్రం ఆస్తి లేనింటి పిల్ల మీద ఉంటుంది. నలుపు తెలుపుల కాలంలో ఈ సరుకుతో ఎన్నో సినిమాలు నడిచాయి. ఇప్పుడు అదే కాలంలో కథ పెట్టి కొత్తగా రాయాలనుకునేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది కాగితం దగ్గరే. వీలునామాను ఒక సాకుగా వాడుకుని పక్కన పడేస్తారు. ఆ తర్వాత నవ్వు కోసం పాత్రల్ని జారిపడేలా చేయాల్సివస్తుంది. ఆ కాలపు వారసత్వ చట్టాన్ని పట్టించుకుని చదివితే, అందులోనే కావలసినంత హాస్యం, కావలసినన్ని మలుపులు ఉన్నాయి.

చెప్పేది గాలిలో పోకుండా ఒక కథను నమూనాగా తీసుకుందాం. ఊరు దుగ్గిరాల, సంవత్సరం 1956. పసుపు వ్యాపారి రంగయ్య మే నెలలో పోయాడు. కొడుకూ కూతురూ ఆయన కంటే ముందే పోయారు. కొడుకు కొడుకు సుందరం, కూతురు కొడుకు గోపాలం మిగిలారు. కథానాయిక వసంత, దస్తావేజు లేఖరి విశ్వనాథంగారి కూతురు. తండ్రికి చూపు ఆనక ఆయన చిత్తుప్రతులన్నిటికీ సాఫుప్రతి రాసేది ఆమే. అంటే సుందరం కంటే ముందే వీలునామాలో ఏముందో వసంతకు తెలుసు. తండ్రి వృత్తి మర్యాద కోసం నోరు విప్పకూడదు. సుందరం పెళ్లి మాట ఎత్తితే కారణం చెప్పకుండా కాదంటుంది. ప్రేమహాస్యానికి ఇంతకంటే గట్టి పునాది అక్కర్లేదు: ఇద్దరిలో ఒకరికి మాత్రమే తెలిసిన సంగతి, చెప్పకపోవడానికి గౌరవమైన కారణం.

ముందు తేదీ ఖాయం చేయండి

"యాభైల కాలం" అని వదిలేయకండి. 1956 జూన్ 17న హిందూ వారసత్వ చట్టం అమల్లోకి వచ్చింది. దానికి ముందు రోజు, తర్వాతి రోజు ఒకే కుటుంబంలో బలాబలాలు వేరు. మన కథలో రంగయ్య మేలో పోయాడు కాబట్టి ఆయన ఆస్తికి పాత హిందూ ధర్మశాస్త్రమే వర్తిస్తుంది. పాత శాస్త్రం ప్రకారం వీలునామా లేకపోతే కొడుకు కొడుకైన సుందరానికే అంతా పోతుంది, కూతురు కొడుక్కి చిల్లిగవ్వ రాదు. ఆయనే ఇంకో ఆరువారాలు బతికి, వీలునామా లేకుండా పోయి ఉంటే, కొత్త చట్టం ప్రకారం ఇద్దరు మనవలకూ చెరిసగం వచ్చేది. గోపాలం పాత్రను దీనిమీద నిలబెట్టండి. అతన్ని దుర్మార్గుడిగా రాయాల్సిన పని లేదు. ఆరువారాల తేడాతో సగం ఆస్తి పోయినవాడి బాధ ప్రేక్షకుడికి వెంటనే అర్థమవుతుంది. చివర్లో సుందరం అతనికి వాటా ఇస్తే అది దయలా కాక న్యాయంలా కనిపిస్తుంది.

అదే తేదీ ఇంకో పాత్రను కూడా మారుస్తుంది. రంగయ్య చెల్లెలు సుబ్బమ్మ పిల్లలు లేని వితంతువు. భర్త భూమి ఆమె చేతిలో ఉన్నా జూన్ 17 వరకు ఆమెది పరిమిత హక్కు: పంట తినవచ్చు, ఇష్టమొచ్చినట్టు అమ్మడానికి లేదు. ఆమె తర్వాత తనకే వస్తుందని మరిది కాచుకుని ఉంటాడు, ఆమె మాట్లాడే ప్రతి మాటా అతని మొహం చూసి మాట్లాడుతుంది. కొత్త చట్టం 14వ సెక్షను ఆమెను పూర్తి హక్కుదారును చేసింది. జూన్ 17 ఆదివారం. సోమవారమో మంగళవారమో పత్రిక ఊరికి వస్తుంది, ప్లీడరు అరుగు మీద కూర్చుని చదివి వినిపిస్తాడు, సుబ్బమ్మ మరిదితో మొదటిసారి గొంతు పెంచుతుంది. విశ్రాంతి ఇక్కడ వేయండి.

ఆ ఏడాది జూలై రెండో వారంలో ఆషాఢం వస్తోంది. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు. అంటే విశ్రాంతి తర్వాత మీ చేతిలో ఉన్నది మహా అయితే మూడు వారాలు. గడియారం ముల్లు చూపించకుండానే తొందర పుట్టించే పని పంచాంగం చేసిపెడుతుంది. ఏ సంవత్సరం ఎంచుకున్నా ఆ ఏటి పంచాంగం దగ్గర పెట్టుకుని రాయండి. అధికమాసాలు, మూఢాలు తెలియకుండా పెళ్లి తేదీ వేస్తే పెద్దవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

వీలునామా రాసే తీరు

మొదటి ప్రశ్న: ఆస్తి ఎవరిది? 1956 జూన్‌కు ముందు ఉమ్మడి కుటుంబంలో ఉన్న మగవాడు పిత్రార్జితంలో తన అవిభక్త వాటాను వీలునామా ద్వారా ఎవరికీ రాయలేడు. "తాతముత్తాతల ఆస్తి అంతా నీకు దక్కకుండా రాసేస్తాను" అని 1950లో తండ్రి అరిస్తే కొడుకు భయపడనక్కర్లేదు. అందుకే రంగయ్యను జమీందారుగా కాక వ్యాపారిగా పెట్టాం. పసుపు కొట్టు, గోదాము, మద్రాసులో ఇల్లు అన్నీ స్వార్జితం. జమీందారే కావాలంటే ఒకటి గుర్తుంచుకోండి: 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత ఆ బిరుదు మిగిలింది గాని శిస్తు రాబడి పోయింది. 1956లో దర్జాగా శిస్తు వసూలు చేసే జమీందారు మీ కథలో ఉంటే అది తప్పు. నష్టపరిహారం లెక్కల కోసం తిరుగుతూ, ఇంట్లో వెండి కంచాలు ఒక్కొక్కటే తగ్గుతున్నా బయటికి తగ్గని జమీందారు అయితే సరైనవాడు, హాస్యానికి కూడా బాగా పనికొస్తాడు.

రెండోది, కాగితం. వీలునామాకు స్టాంపు కాగితం అవసరం లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషను కూడా తప్పనిసరి కాదు. కావలసింది రాయించినవాడి సంతకం లేదా వేలిముద్ర, ఇద్దరు సాక్షులు. ఇద్దరు సాక్షులూ ఒకే సమయంలో ఉండాలన్న నియమం లేదు. పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు వచ్చి ఆయన ఎదుట సంతకం పెట్టినా చెల్లుతుంది. ఒకరిని కాపలా ఉంచి ఇంకొకరిని రప్పించే సన్నివేశానికి ఇక్కడ చోటుంది.

ఇంగ్లీషు కథల ప్రభావంతో చాలామంది చేసే పొరపాటు ఒకటి: సాక్షిగా సంతకం పెట్టినవాడికి వీలునామాలో ఏమీ రాదని రాస్తారు. భారత వారసత్వ చట్టంలో 67వ సెక్షను అలాగే అంటుంది, కాని అది హిందువుల వీలునామాలకు వర్తించదు. వీలునామా రాసిన తర్వాత పెళ్లి చేసుకుంటే అది రద్దవుతుందనే 69వ సెక్షను కూడా అంతే. విశ్వనాథంగారు సాక్షి సంతకం పెట్టారు, అందులో ఆయనకు 500 రూపాయలు రాసి ఉంది అనుకోండి. సగం చదివిన కుర్ర ప్లీడరు "మీ అయిదువందలు పోయాయి" అని బెంబేలెత్తిస్తాడు, పెద్ద ప్లీడరు ఆ చట్టంలో హిందువులకు వర్తించే సెక్షన్ల జాబితా అయిన మూడో షెడ్యూలు తెరిచి కళ్లజోడు సర్దుకుంటాడు. రెండు నిమిషాల మంచి సన్నివేశం.

వీలునామాను హాల్లో బంధువులందరినీ కూర్చోబెట్టి చదవడం తెరకు అలవాటే, చట్టంలో అలాంటి తంతు ఏమీ లేదు. అంతకంటే బాగుండే చోటు జిల్లా రిజిస్ట్రారు కచేరీ. రాయించినవాడు బతికుండగా సీలు వేసిన కవరులో వీలునామాను అక్కడ భద్రపరచవచ్చు. ఆయన పోయాక దరఖాస్తు పెడితే రిజిస్ట్రారు దరఖాస్తుదారు ఎదుట కవరు విప్పి, మూడో నంబరు పుస్తకంలోకి నకలు ఎక్కిస్తాడు, ఆ ఖర్చు దరఖాస్తుదారుదే. గుంటూరు కచేరీ బల్ల మీద లక్క పగిలే చప్పుడు, ఎండలో చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం బయట నిలబడ్డ విశ్వనాథంగారు, కుర్చీలో సుందరం. ఆస్తి, అంతరం రెండూ ఒకే చట్రంలోకి వస్తాయి.

ప్రతినాయకుడు వీలునామా తగలబెట్టే సన్నివేశం రాస్తున్నారా? ఇంకొకరు తమంతట తాము కాలిస్తే అది రద్దు కాదు. రాయించినవాడే రద్దు ఉద్దేశంతో కాల్చాలి లేదా చించాలి, లేదా ఆయన చెప్పగా ఆయన ఎదుటే ఇంకొకరు చేయాలి. మధ్యలో కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉంటే వాటికీ సంతకం, సాక్షులు కావాలి. నిరూపించే రోజున కనీసం ఒక సాక్షి బతికుంటే అతను కోర్టుకు వచ్చి చెప్పాలి. ఆ రోజుల్లో మద్రాసు నగరంలోని ఇంటికి మాత్రం మద్రాసు హైకోర్టులో ప్రొబేటు, అంటే వీలునామా నిజమైనదేనన్న కోర్టు ధ్రువీకరణ, తప్పేది కాదు. రెండో భాగంలో అందరినీ రైలెక్కించి మద్రాసు పంపడానికి ఇది నిఖార్సయిన కారణం.

షరతు: కథకు గుండె

ఇక్కడ తీరిగ్గా ఆగండి. షరతు ఎలా ఉండకూడదో భారత వారసత్వ చట్టమే సరదా ఉదాహరణలతో చెబుతుంది. గంటలో నూరు మైళ్లు నడిస్తే ఆస్తి అని రాస్తే ఆ దానం చెల్లదు. మేనకోడలు మొగుణ్ణి వదిలేస్తే అయిదువేలు అని రాస్తే అదీ చెల్లదు. ప్రేమకథకు చక్కగా నప్పేది "ఫలానా వారి సమ్మతితో పెళ్లి చేసుకోవాలి" అనే షరతు. మన కథలో ముగ్గురి సమ్మతి కావాలి: సుబ్బమ్మ, ప్లీడరు నరసింహం, రంగూన్‌లో ఉన్న బంధువు అప్పన్న.

ఈ షరతును రెండు రకాలుగా రాయవచ్చు. పైకి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి.

మొదటి రకం: "ఈ ముగ్గురి సమ్మతితో పెళ్లి చేసుకుంటేనే నా ఆస్తి సుందరానికి చెందవలెను."

రెండో రకం: "నా ఆస్తి సుందరానికి చెందవలెను. ఈ ముగ్గురి సమ్మతి లేకుండా పెళ్లి చేసుకున్న యెడల గోపాలానికి చెందవలెను."

మొదటి దానిలో షరతు తీరితే ఆస్తి వస్తుంది. అదే చట్టం 128వ సెక్షను ప్రకారం అలాంటి షరతు ముఖ్యంగా నెరవేరితే చాలు, అక్షరం అక్షరం తీరనక్కర్లేదు. ఆ సెక్షను కింద ఇచ్చిన ఉదాహరణలు చదివితే ఎవరో స్క్రీన్‌ప్లే రచయిత రాశాడేమో అనిపిస్తుంది. నలుగురి సమ్మతి కావాలి. ఒకరు రాతపూర్వకంగా ఇచ్చారు, ఒకరు పెళ్లికి హాజరయ్యారు, ఒకరు పెళ్లికి ముందు కానుక పంపారు, ఒకరికి స్వయంగా చెబితే అభ్యంతరం అనలేదు. షరతు నెరవేరినట్టే. ముందు సరే అని బేషరతుగా ఒప్పుకుని తర్వాత ఊరికే మాట మార్చినా నెరవేరినట్టే. ముగ్గురిలో ఒకరు పోతే మిగిలిన ఇద్దరి సమ్మతి చాలు. కాని పెళ్లయ్యాక సమ్మతి తెచ్చుకుంటే లాభం లేదు. తాళి కట్టే క్షణమే గడువు.

రెండో రకంలో ఆస్తి ముందే సుందరానిది, షరతు తప్పితే ఊడిపోతుంది. ఊడగొట్టే షరతు మాత్రం పూర్తిగా, ఖచ్చితంగా జరిగితేనే పనిచేస్తుంది, అది 132వ సెక్షను. ముగ్గురిలో ఒకరు పోయారంటే, మిగిలిన ఇద్దరూ వద్దన్నా సరే, ఆస్తి గోపాలానికి పోదు.

ఇప్పుడు కథ దానంతటదే అల్లుకుంటుంది. విశ్వనాథంగారి చిత్తుప్రతిలో మొదటి రకం వాక్యం ఉంది. సాఫుప్రతి రాయించేటప్పుడు రంగయ్య మాట మార్చి రెండో రకం చెప్పాడు, వసంత అలాగే రాసింది, దానిమీదే సంతకాలు పడ్డాయి. ఆమెకు మాటలు తెలుసు, ఆ మాటల చట్టబలం తెలియదు. కవరు రిజిస్ట్రారు దగ్గర ఉండగా ఊరంతా చిత్తుప్రతినే నమ్ముతుంది. అంటే కవరు విప్పే సన్నివేశాన్ని మొదట్లో కాక చివర్లో పెట్టాలి. అప్పన్న రంగయ్య తర్వాత కొద్దిరోజులకే పోయాడన్న ఉత్తరం రంగూన్ నుంచి ఆలస్యంగా చేరుతుంది. (1942 దాకా రంగూన్‌లో తెలుగువాళ్లు వేలల్లో ఉండేవారు, తర్వాత కూడా కొందరు మిగిలారు, కనుక ఈ బంధువు అతుకులబొంత కాదు.)

వరస మాత్రం తప్పకండి. ముందు సుబ్బమ్మ, ప్లీడరు మనసు మారాలి, ఆ తర్వాతే కవరు తెరుచుకోవాలి. తిరగేసి పెడితే, ఎవరి సమ్మతీ అక్కర్లేదని తెలిసిపోయి రెండో సగం చల్లబడుతుంది. సరైన వరసలో పెడితే, డబ్బు కోసం మొదలైన పరుగు డబ్బుతో పనిలేకుండానే పూర్తయిందని ప్రేక్షకుడు చూస్తాడు.

"రిజిస్టరు పెళ్లి చేసుకుందాం" అని సుందరంతో ఒకసారి అనిపించండి. 1955 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగాలి. ఆ నోటీసు కచేరీలో అందరికీ కనబడేలా అంటిస్తారు, గోపాలం అక్కడే చదువుతాడు. ఉమ్మడి కుటుంబం ఉన్న కథ రాస్తుంటే ఇంకో సంగతి: ఈ చట్టం కింద పెళ్లాడినవాడు ఉమ్మడి నుంచి విడిపోయినట్టు లెక్క. తండ్రి దాన్ని శిక్షగా బెదిరిస్తాడు. విడిపోయినవాడికి వాటా పంచివ్వాలని ప్లీడరు చెప్పగానే బెదిరింపు తండ్రి మెడకే చుట్టుకుంటుంది.

అంతరాన్ని ఎలా చూపించాలి

"మీరు గొప్పవాళ్లు, మేం పేదవాళ్లం" అనే మాట స్క్రిప్టులో ఎక్కడ కనిపించినా కొట్టేయండి. పిలుపులు, కూర్చునే చోట్లు ఆ పని చేస్తాయి. విశ్వనాథంగారు తన వయసులో సగం లేని సుందరాన్ని "బాబుగారూ" అంటారు. సుందరం "లేఖరిగారూ, మీరు" అంటాడు. సుబ్బమ్మ "ఏమయ్యా విశ్వనాథం" అంటుంది. వసంత సుందరాన్ని చివరిదాకా "మీరు" అనే అంటుంది, అప్పటి మర్యాద అది. సుందరం "మీరు" నుంచి "నువ్వు"కు మారేది ఒక్కసారే. అది ఏ సన్నివేశంలో, ఏ వాక్యంలో జరుగుతుందో ముందే గుర్తు పెట్టుకోండి, అంతకుముందు ఎక్కడా పొరపాటున జారనివ్వకండి.

ఇంట్లోకి వీధి గుమ్మంలోంచి వచ్చేదెవరు, దొడ్డివాకిలి లోంచి వచ్చేదెవరు, కాఫీ వెండి గ్లాసులో ఎవరికి, ఇత్తడి గ్లాసులో ఎవరికి, భోజనాల్లో మొదటి బంతి ఎవరిది, ఆఖరి బంతి ఎవరిది: ఇవి మొదటి పదిహేను నిమిషాల్లో మాట లేకుండా చూపించి, చివర్లో ఒక్కటి మాత్రమే మార్చండి. అన్నీ మార్చేస్తే కల్పన అని తెలిసిపోతుంది.

కులం సంగతి దాటవేయకండి. ఆనాటి సినిమాలు చాలావరకు దాన్ని "బీద, గొప్ప" కింద కప్పేశాయి. మీ ఇద్దరూ ఒకే కులమా, వేరా అన్నది రాసేముందు తేల్చుకోవాలి, ఎందుకంటే సుబ్బమ్మ అభ్యంతరం దానిమీదే ఆధారపడుతుంది. వేరైతే మామూలు పెళ్లికి చట్టం అడ్డు లేదు, 1955 హిందూ వివాహ చట్టం కింద అది చెల్లుతుంది. అడ్డు ఉండేది మనుషుల దగ్గరే.

ఒక ముగింపును మాత్రం వాడకండి: బీదపిల్ల నిజానికి తప్పిపోయిన గొప్పింటి బిడ్డ అని తేలడం. 'మిస్సమ్మ' (1955) అంత చక్కని చిత్రంలో కూడా మేరీ పుట్టుమచ్చతో జమీందారు కూతురని బయటపడగానే, కథ అంతవరకు అడుగుతున్న ప్రశ్న సద్దుమణుగుతుంది. 'గుండమ్మ కథ' (1962)లో గొప్పింటి కొడుకులు పనివాళ్లుగా, బీదవాళ్లుగా వేషం వేస్తారు. దిగిరావడం ఎప్పుడైనా సరదానే, తిరిగి ఎక్కే మెట్లు ఉన్నాయి గనుక. ఆ రెండు సినిమాల మాటల పొందిక, పాత్రల వేగం నేర్చుకోండి. వసంతను మాత్రం లేఖరి కూతురిగానే పెళ్లి పీటల మీద కూర్చోబెట్టండి.

కొలతలు, కాలపు వివరాలు

35 మి.మీ. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది, వెయ్యి అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు. రెండు గంటల ఇరవై నిమిషాల చిత్రమంటే 12,600 అడుగులు, 13 రీళ్లు. ఇప్పుడు రీళ్లు లేకపోయినా అదే లెక్కలో రాయండి: రీలుకు అయిదారు సన్నివేశాల కంటే మించకూడదు, ప్రతి రీలు చివర పరిస్థితి ఒక్క మెట్టయినా మారాలి. రంగయ్య చావు మొదటి రీల్లోనే అయిపోవాలి. షరతు పదిహేనో నిమిషం దాటకుండా ప్రేక్షకుడికి అర్థం కావాలి, అది కూడా రెండుసార్లు, ఇద్దరి నోట, ఒకసారి చట్టం భాషలో, ఒకసారి ఇంటి భాషలో. ఒక్కసారే చెబితే సగంమందికి అందదు, అక్కణ్ణుంచి మలుపులన్నీ వృథా. పాటలు అయిదు చాలు, ఒక్కొక్కటి మూడు, మూడున్నర నిమిషాలు. 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు పట్టేది సుమారుగా అంతే.

1956లో రూపాయికి పదహారణాలు, అణాకు నాలుగు పైసలు. నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. మాటల్లో బేడ (రెండణాలు), పావలా, అర్ధరూపాయి రావాలి. రైల్లో మూడో తరగతి ఉంది. దూరపు ఫోను అంటే ట్రంకాల్, బుక్ చేసి కాచుక్కూర్చోవాలి. రాష్ట్రం పేరు ఆంధ్ర, రాజధాని కర్నూలు, హైకోర్టు గుంటూరులో. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది నవంబరు 1న, కాబట్టి జూన్‌లో ఏ కచేరీ బోర్డు మీదా ఆ పేరు ఉండకూడదు.

చివరగా సుబ్బమ్మ సమ్మతి. ఆమెతో "నాకిష్టమే" అని పలికించవద్దు. పెళ్లికి ముందు పంపిన కానుక సమ్మతే అని చట్టం అంటోంది కదా, దాన్ని వాడండి. తెల్లవారుజాము ముహూర్తం. ముందురోజు రాత్రి దుగ్గిరాలలో ఆమె పెట్టె తెరిచి, తన పెళ్లినాటి పట్టుచీర తీసి, పాలేరు చేత లేఖరిగారి ఇంటికి పంపుతుంది, వీధి గుమ్మంలోంచి ఇచ్చిరమ్మంటుంది. పెళ్లింట్లో ప్లీడరు ఆ మూట చూసి జేబులోంచి గడియారం తీసి, తాళికి ఇంకా ఎంతసేపుందో లెక్కపెట్టి, తేదీ, గంట, నిమిషంతో సహా కాగితం మీద రాసుకుంటాడు. వసంత ఆ చీర కట్టుకుని బయటికి రావడం తర్వాతి షాటు.